వంద పడకల ఆసుపత్రి కడుతున్నారా? గాలి, కరెంటు, ఆక్సిజన్, మంటల లెక్క ముందే తేల్చుకోండి

మన జిల్లా కేంద్రాల్లో ఆసుపత్రి ఎలా కడతారో చూస్తూనే ఉన్నాం. రోడ్డు పక్కన స్థలం దొరుకుతుంది, ముందు వైపంతా నీలం అద్దాలతో ఎలివేషన్ బొమ్మ వస్తుంది, శ్లాబులు పడ్డాక ఏసీ వాళ్లని పిలుస్తారు, ఫాల్స్ సీలింగ్ అయిపోయాక ఆక్సిజన్ పైపుల వాళ్లొచ్చి దాన్ని మళ్లీ విప్పుతారు, ప్రారంభోత్సవానికి నెల ముందు ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) గుర్తొస్తుంది. అక్కడినుంచి ఇరవై ముప్ఫై ఏళ్లపాటు నెలనెలా బిల్లు చూసి బాధపడటం, అర్ధరాత్రి వార్డు నుంచి ఫోనొస్తే ఏమైందోనని టెన్షన్ పడటం మామూలైపోతుంది.

కరెంటు ఆదా ఒక ఖాతా, భద్రత ఇంకో ఖాతా అని చాలామంది విడివిడిగా చూస్తారు. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే: ఏ గదికి ఎంత అవసరమో తేల్చి, భవనాన్ని ఆ ప్రకారం విడగొట్టుకోవడం. ఆ గీతలు సరిగ్గా పడితే ఏసీ, కరెంటు, పొగ, ఆక్సిజన్ అన్నీ వాటి వెంటే నడుస్తాయి. గీతలు లేని భవనంలో చల్లగాలీ వృథా అవుతుంది, పొగా అంతటా తిరుగుతుంది. ఇక్కడ రాసేది 50 నుంచి 100 పడకల ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని. కొత్తగా కట్టేవాళ్లు మొదటినుంచి చదవండి, ఇప్పటికే నడుపుతున్నవాళ్లు కరెంటు దగ్గర మొదలుపెట్టినా పర్వాలేదు.

ప్లాన్ గీయకముందు ఒక పట్టిక

ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లేముందు ఒక పెద్ద కాగితం తీసుకుని గదులన్నీ వరసగా రాయండి. ఒక్కో గది ఎదురుగా ఐదు విషయాలు: 24 గంటలూ నడుస్తుందా పగలేనా, ఏసీ తప్పనిసరా ఫ్యాను చాలా, గాలి బయటికి నెట్టాలా లోపలికి లాగాలా, కరెంటు ఎంతసేపు పోతే ప్రమాదం, అందులో ఉన్న మనిషి తనంతట తాను నడిచి బయటికి రాగలడా. ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, మంటలొచ్చినప్పుడు మాత్రం అదొక్కటే మిగులుతుంది.

పట్టిక పూర్తయ్యాక ఒకే రకం గదులు ఒకచోటికి చేరాలి. ఓటీ (ఆపరేషన్ థియేటర్), ఐసీయూ, ప్రసవాల గది ఒక గుంపు. పగలు మాత్రమే నడిచే ఓపీ, ల్యాబ్ కౌంటర్, బిల్లింగ్ ఇంకో గుంపు. ఓపీ ఐసీయూ పక్కనే ఉండి రెండింటికీ ఒకే ఏసీ లైను ఉందనుకోండి, రాత్రి ఖాళీ కుర్చీలకి కూడా చల్లగాలి పోతూనే ఉంటుంది. నడవలేని రోగుల్ని ఎంత కింది అంతస్తులో పెడితే అంత మంచిది. లిఫ్టు దగ్గరుంది కదా అని ఐసీయూని పైకి పంపేస్తారు, మంటల సమయంలో ఆ లిఫ్టును నమ్ముకోలేం.

ఎండ, గాలి, దారులు

రామగుండంలో, ఖమ్మంలో, విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. భవనం పొడవు వైపులు ఉత్తరం, దక్షిణం చూసేట్టు పెట్టండి, పడమర గోడ వెంట మెట్లు, టాయిలెట్లు, స్టోర్ రూములు వేస్తే వార్డుల మీద సాయంత్రం ఎండ పడదు. అద్దాల ముఖభాగం మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. అది వేడిని లోపలికి తెస్తుంది, మంటలొస్తే పొగను బయటికి పోనివ్వదు. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఢాకురియాలోని ఆమ్రి ఆసుపత్రిలో బేస్‌మెంట్‌లో అంటుకున్న మంట 90 మంది దాకా ప్రాణాలు తీసింది. ఎక్కువమంది పోయింది కాలి కాదు, పొగకి ఊపిరాడక. ఆ పొగ పై అంతస్తులకు ఎక్కింది, అద్దాలు పగలగొడితే తప్ప అది బయటికి పోయే దారి లేదు. తలుపులు తెరుచుకునే కిటికీలు, వాటి మీద రెండడుగుల సన్‌షేడ్ పెట్టండి. ఎలివేషన్ అందం తగ్గితే తగ్గనివ్వండి.

డాబా మీద తెల్ల పెంకులో, కూల్ పెయింటో తప్పకుండా వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. కనెక్టెడ్ లోడ్ (పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం) 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ (విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) 120 కేవీఏ దాటే వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు భవన కోడ్, అంటే ఈసీబీసీ ఉంది, ఆసుపత్రులు కూడా దాని కిందికి వస్తాయి. వంద పడకలంటే ఆ లోడు సులువుగా దాటుతుంది కాబట్టి ఆర్కిటెక్ట్‌ని మొదటి మీటింగ్‌లోనే దాని గురించి అడగండి.

జనరల్ వార్డులన్నిటికీ ఏసీ పెట్టాలన్న పట్టు వద్దు. ఎదురెదురు కిటికీలు, ఎత్తు సీలింగు ఉంటే గాలి దానంతటదే ఆడుతుంది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం లాంటి కట్టడాల్లో మందం గోడలు, ఎత్తు కప్పులు ఊరికే పెట్టలేదు. సహజ గాలితో నడిచే వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి మారాలనీ, టీబీ లాంటి గాలి ద్వారా వ్యాపించే జబ్బుల గదిలో అయితే 160 లీటర్లనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పింది. కిటికీలన్నీ మూసేసి రెండు స్ప్లిట్ ఏసీలు బిగించిన వార్డులో దీనికి దరిదాపుల్లో కూడా రాదు, ఎందుకంటే స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకురాదు.

దారుల విషయం సూటిగా చెప్తా. మంచాలు తిరిగే వరండా వెడల్పు 2.4 మీటర్లు, మెట్లు 2 మీటర్లు ఉండాలి, ర్యాంపు వాలు 12కి 1 దాటకూడదు. ఒక్కో అంతస్తును రెండు గంటలు మంటను తట్టుకునే గోడతో, తలుపులతో కనీసం రెండు భాగాలు చేయండి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని మెట్ల మీదుగా దించడం నైట్ డ్యూటీలో ఉన్న ముగ్గురి వల్ల అయ్యే పని కాదు, మంచాన్ని పక్క భాగంలోకి తోసి తలుపు మూయడం మాత్రం అవుతుంది. ఆ తలుపులకి ఇటుకరాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచే అలవాటు ప్రతి ఆసుపత్రిలో ఉంది. దానికి మందు, ఫైర్ అలారం మోగగానే తలుపుల్ని వదిలేసి అవి మూసుకునేలా చేసే మాగ్నెటిక్ హోల్డర్లు. సందర్శకులు రాకుండా వెనక మెట్లకి గ్రిల్ వేసి తాళం పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

ఇంకో చిన్న సంగతి, అందరూ వదిలేసేది. కేబుళ్లు, గ్యాస్ పైపులు అంతస్తు నుంచి అంతస్తుకు వెళ్లే షాఫ్టుల్లో, శ్లాబు దగ్గర ఖాళీలన్నీ ఫైర్ సీలెంట్‌తో మూయించాలి. కట్టినప్పుడు బాగానే మూస్తారు. ఆర్నెల్ల తర్వాత సీసీ కెమెరాల వాళ్లు, ఇంటర్నెట్ వాళ్లు వచ్చి డ్రిల్ కొట్టి పోతారు, ఆ కంతల్లోంచే పొగ పైకెక్కుతుంది. ఎవరు గోడకి కంత పెట్టినా మెయింటెనెన్స్ వాళ్లు మళ్లీ మూసి సంతకం పెట్టేదాకా బిల్లు ఆపండి, చాలు.

ఓటీ గాలి: బిల్లూ ఇన్ఫెక్షనూ కలిసే చోటు

ఓటీలో స్ప్లిట్ ఏసీ పెట్టి నడిపే నర్సింగ్ హోమ్‌లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. లోపల కాయిల్ మీద తేమ, దుమ్ము, ఫంగస్, అది నేరుగా కోసిన పొట్ట మీదికి వీస్తుంది. ఎంత చిన్న ఆసుపత్రైనా ఓటీకి విడిగా ఏహెచ్‌యూ (గాలిని వడకట్టి, చల్లబరిచి పంపే యంత్రం), హెపా ఫిల్టర్ ఉండాల్సిందే. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపేది.

లెక్క కష్టమేమీ కాదు. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే సంస్థ ఎన్ఏబీహెచ్ ప్రకారం ఓటీలో గంటకు 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి. ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు మూడు అటూఇటూ, తేమ 20 నుంచి 60 శాతం, పక్క గదికంటే కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఒత్తిడి. 20 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు గది తీసుకోండి, 4,000 ఘనపుటడుగులు. 20తో గుణించి 60తో భాగిస్తే నిమిషానికి సుమారు 1,330 ఘనపుటడుగుల గాలి. కాంట్రాక్టర్ దీనికి రెట్టింపు మిషన్ చెప్తే ఎందుకో అడగండి. పెద్ద మిషన్ పెడితే చల్లదనం త్వరగా వచ్చేసి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే ఉంటుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఓటీ గోడలు చెమర్చడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక ఆదా ఎక్కడంటే రాత్రిపూట. ఆపరేషన్లు లేనప్పుడు ఏహెచ్‌యూ పూర్తిగా ఆపేస్తే ఒత్తిడి పోయి బయటి గాలి లోపలికి వస్తుంది, అది తప్పు. పూర్తి వేగంతో నడిపితే బిల్లు. మధ్యేమార్గం బ్లోయర్‌కి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి వేగం తగ్గించడం. పనివేళలు కానప్పుడు, పాజిటివ్ ప్రెషర్ (బయటికంటే లోపల ఎక్కువ ఒత్తిడి) పోకుండా చూసుకుంటే గాలి మార్పిడిని 25 శాతానికి తగ్గించుకోవచ్చని ఎన్ఏబీహెచ్ మార్గదర్శకాలే ఒప్పుకుంటాయి, చల్లదనం ఆపేసినా ఫర్వాలేదు. ఫ్యాను వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు సుమారు సగానికి వస్తుంది, సగం వేగానికి వస్తే లెక్కప్రకారం ఎనిమిదో వంతు. నిజంలో మోటారు నష్టాలు కలిపి కొంచెం ఎక్కువే అవుతుంది, అయినా వీఎఫ్‌డీ పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఎక్కువకాలం పట్టదు.

ఒత్తిడి ఉందో లేదో రోజూ చూడటానికి తలుపు పక్కన చిన్న మానోమీటర్ బిగించండి. అది పాడైన రోజు, మూసిన తలుపు కింద సందు దగ్గర పల్చటి టిష్యూ కాగితం పట్టుకోండి, అది బయటికి ఊగాలి. అంటువ్యాధి రోగుల్ని విడిగా ఉంచే ఐసొలేషన్ గది దగ్గర దీనికి తిరగబడాలి, లోపలికి ఊగాలి. ఈ రెండు గదుల ఎగ్జాస్టు, తాజా గాలి తీసుకునే చోటు పక్కపక్కన లేకుండా చూసుకోండి, డాబా మీద అలా పక్కపక్కనే పెట్టినవి బోలెడు.

మిగతా చోట్ల సెట్టింగు 24 డిగ్రీలు పెట్టి రిమోట్లు నర్సింగ్ స్టేషన్‌లో ఉంచండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెప్తుంది. వార్డు ఫ్యాన్లు మారిస్తే ఇంకా సులువు: పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. రోజంతా తిరిగే వంద ఫ్యాన్లు మారిస్తే రోజుకి 108 యూనిట్లు మిగులుతాయి.

కరెంటు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. 2021 జనవరిలో మహారాష్ట్ర భండారాలో, 2024 నవంబర్‌లో ఝాన్సీలో మంటలొచ్చింది నవజాత శిశువుల వార్డుల్లోనే. 2021 ఏప్రిల్‌లో విరార్‌లో ఐసీయూ కాలిపోయింది. ఐసీయూల్లో, పసిపిల్లల వార్డుల్లో పరిస్థితి ఒకటే: 24 గంటలు ఆగకుండా తిరిగే ఏసీలు, నిండా యంత్రాలు, గాలిలో ఆక్సిజన్, లేచి పరిగెత్తలేని రోగులు.

కాబట్టి ఐసీయూలో స్ప్లిట్ ఏసీలు తప్పకపోతే అవసరానికి మించి ఒకటి అదనంగా పెట్టి వంతులవారీగా విశ్రాంతి ఇవ్వండి. ఒక్కో ఏసీకి విడి ఎంసీబీ (లోడు మించితే లైను ఆపే స్విచ్), విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఐసీయూలోకి రాకూడదు, ఒక్కటి కనిపించినా అక్కడ ప్లగ్ పాయింట్లు సరిపోవట్లేదని అర్థం, వెంటనే పాయింటు వేయించండి. ఒక్కో మంచం దగ్గరి పాయింట్లను రెండు వేర్వేరు సర్క్యూట్లకు పంచితే ఒకటి ట్రిప్ అయినా రెండోది నడుస్తుంది. వైర్లు పొగ తక్కువ వచ్చే హాలోజెన్ లేని రకం కొనండి.

ఓటీకి, ఐసీయూకి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్ లైనుతో నేరుగా కలవకుండా కరెంటు ఇచ్చేది), దానికో ఇన్సులేషన్ మానిటర్ పెట్టించండి. మామూలు ఆర్‌సీసీబీ అయితే ఏ యంత్రంలోనో చిన్న లీకేజీ వచ్చినా లైను కొట్టేస్తుంది, వెంటిలేటర్ కూడా దాంతోపాటే పోతుంది. ఐసొలేషన్ పద్ధతిలో మొదటి లోపానికి అలారం మోగుతుంది, కరెంటు ఆగదు, మీకు సరిచేసుకునే టైమ్ దొరుకుతుంది. ఖర్చెక్కువ అని కాంట్రాక్టర్ తీసేద్దామంటాడు, వినకండి. ఎర్త్ పిట్‌ల రెసిస్టెన్స్ మాత్రం మే నెలలో, నేల ఎండిపోయినప్పుడు కొలిపించండి, వానాకాలంలో కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

జనరేటర్ బేస్‌మెంట్‌లో పెట్టొద్దు. 2015 డిసెంబర్ చెన్నై వరదల్లో పెద్ద ప్రైవేట్ ఆసుపత్రిలోనే జనరేటర్ గదిలోకి నీళ్లు చేరి కరెంటు పోయింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత విశాఖకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఊళ్లో పెద్దవాళ్లని అడిగి వరద ఎంతెత్తు వచ్చిందో తెలుసుకుని, ప్యానెళ్లు, జనరేటర్, ఆక్సిజన్ మానిఫోల్డ్ (సిలిండర్లను కలిపి పైపులోకి వదిలే ఏర్పాటు) దానికి పైన కట్టండి. వారానికోసారి మెయిన్ నిజంగానే ఆపి జనరేటర్ మీద లోడు వేయండి. లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి రిజిస్టర్‌లో టిక్కు పెట్టడం పరీక్ష కాదు, పైగా తక్కువ లోడుతో తిప్పీ తిప్పీ ఇంజన్‌లో మసి పేరుకుంటుంది. జనరేటర్ స్టార్ట్ కాకపోతే మొదట చూడాల్సింది బ్యాటరీ.

మూడు నెలలకోసారి థర్మల్ కెమెరాతో ప్యానెళ్లన్నీ, లోడు మీద ఉన్నప్పుడు చూపించండి. వదులైన లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) కంటికి మామూలుగానే ఉంటుంది, కెమెరాలో ఎర్రగా వెలిగిపోతుంది. ఈ ఒక్క పని నష్టాన్నీ తగ్గిస్తుంది, మంటనీ ఆపుతుంది.

బిల్లు వైపు వస్తే, హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి ఎలాగూ డిమాండ్ ఛార్జీ కట్టాలి, అది దాటి వాడితే పెనాల్టీ. ముందుజాగ్రత్త అని రెట్టింపు డిమాండ్ తీసుకున్న ఆసుపత్రి వాడనిదానికి నెలనెలా కడుతుంది. ఏడాది బిల్లులు ముందేసుకుని గరిష్ఠ డిమాండ్ ఎంత వచ్చిందో చూసి సరిచేయించుకోండి. కేవీఏహెచ్ లెక్కన, అంటే పని చేయని రియాక్టివ్ కరెంటును కూడా కలిపి బిల్లు వస్తుంది కాబట్టి కెపాసిటర్ ప్యానెల్ పనిచేస్తోందో లేదో కూడా చూడాలి. తర్వాత ఒక రాత్రి రెండు గంటలకి మీటరు రీడింగ్ తీసుకుని, గంటాగి మళ్లీ తీసుకోండి. ఆ టైమ్‌లో ఓపీ లేదు, ల్యాబ్ సగం లేదు, అయినా పగటి వాడకంలో ఎనభై శాతం కనిపిస్తుంటే ఎక్కడో ఖాళీ గదులు చల్లబడుతున్నాయి. అంతస్తుకో సబ్‌మీటర్ ఉంటే ఆ గది దొరికిపోతుంది.

సోలార్ వీటన్నిటి తర్వాత. కిలోవాట్‌కి పది చదరపు మీటర్ల డాబా, రోజుకి సుమారు నాలుగు యూనిట్లు. ముందు వృథా ఆపి, మిగిలినదానికి ప్యానెళ్లు వేస్తే తక్కువ ఖర్చుతో అయిపోతుంది. కరెంటు పోతే మామూలు గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి, అది జనరేటర్‌కి బదులు కాదు.

ఆక్సిజన్

2021 మే 10న తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై పైపులో ఒత్తిడి పడిపోయింది, అధికారిక లెక్కప్రకారం 11 మంది చనిపోయారు. అంతకు మూడు వారాల ముందు నాసిక్‌లో ట్యాంకులోకి ఆక్సిజన్ నింపుతుంటే లీకై ఒత్తిడి పడిపోయింది, అక్కడ 20 మందికి పైగా పోయారు. ఒకచోట రావాల్సింది రాలేదు, ఇంకోచోట ఉన్నది కారిపోయింది, వార్డులో జరిగింది ఒకటే.

అందుకే ప్రధాన సరఫరా ట్యాంకైనా ప్లాంటైనా, దానికి వెనక దన్నుగా, దానంతటదే మారే రెండు వరుసల సిలిండర్ మానిఫోల్డ్ ఉండాలి. లైను ఒత్తిడి 4 బార్ల దగ్గర ఉంటుంది, అది తగ్గగానే అలారం నర్సింగ్ స్టేషన్‌లో మోగాలి, మానిఫోల్డ్ గదిలో మోగితే ఎవరికీ వినపడదు. నిల్వ లెక్క ఇలా: 7 ఘనమీటర్ల పెద్ద సిలిండర్‌లో 7,000 లీటర్ల గ్యాస్. హై ఫ్లో మీద నిమిషానికి 60 లీటర్లు తీసుకునే ఒక్క రోగికి గంటకి 3,600 లీటర్లు, అంటే ఒక సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. మీ ఐసీయూలో అలాంటివాళ్లు నలుగురుంటే ఎంతసేపు వస్తుందో గోడ మీద రాసి పెట్టండి.

ఆక్సిజన్ దానంతటది మండదు, మండేదాన్ని రెచ్చగొడుతుంది. మాస్కు తీసి ఫ్లో ఆపకుండా దిండు మీద పెడితే దుప్పటి, పరుపు ఆక్సిజన్ పట్టి ఉంటాయి, తర్వాత చిన్న నిప్పురవ్వ చాలు. ఐసీయూలో తాజా గాలి, ఎగ్జాస్టు అవసరం వాసన కోసమే కాదు, ఇందుకు కూడా. రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలనివ్వొద్దు. ఒక్కో వార్డుకి విడి వాల్వ్ బాక్సు బయట పెట్టి, మంటలొస్తే దాన్ని మూసే అధికారం ఎవరిదో ముందే రాతపూర్వకంగా ఉండాలి. రోగులు పోర్టబుల్ సిలిండర్ల మీదికి మారాక ఛార్జ్ నర్స్ మూయాలి. కంగారులో వార్డ్ బాయ్ మూస్తే అదో ప్రమాదం.

నీళ్లు, క్లుప్తంగా

వంద పడకల దాకా మంచానికి రోజుకి 340 లీటర్లు లెక్క, అంటే 34,000 లీటర్లు. రెండు రోజుల నిల్వ సంపులో పెట్టుకోండి, ఫైర్ ట్యాంకు నీళ్లు దీంట్లో కలపొద్దు. వేడినీళ్లకి గీజర్లు వద్దు, సోలార్ హీటర్‌కి తోడు హీట్ పంప్ పెట్టండి. ట్యాంకులో 60 డిగ్రీలు ఉంచాలి, ఆదా అని 45కి దించితే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. డయాలసిస్ ఉంటే ఒక్కో రోగికి ఒక్కో సిట్టింగ్‌కి 120 లీటర్ల శుద్ధి నీళ్లు పోతాయి, దానికోసం ఆర్‌వో వదిలే నీళ్లని ఫ్లష్ ట్యాంకులకు మళ్లించండి. బయోమెడికల్ చెత్తని 48 గంటలకు మించి ఉంచకూడదు, ఆ గది జనరేటర్ పక్కన కానీ మానిఫోల్డ్ పక్కన కానీ పెట్టొద్దు.

నడిపేవాళ్లు

ఇన్ని కొని, నెలకి తక్కువ జీతానికి దొరికాడని పంపులు, ఏసీలు, జనరేటర్, లిఫ్టు అన్నీ ఒక్క ఎలక్ట్రీషియన్ మీద వేస్తారు. మూడు షిఫ్టులకి ముగ్గురు కావాలి, వాళ్లకి ప్యానెల్ డ్రాయింగులు తెలుగులో పేర్లు రాసి ఇవ్వాలి. కాంట్రాక్టర్ చివరి బిల్లు చెల్లించకముందే, కట్టినదాన్ని కట్టినట్టు చూపించే డ్రాయింగులు, కేబుల్ షెడ్యూలు, వాల్వుల పటం తీసుకోండి, తర్వాత అడిగితే దొరకవు.

మాక్ డ్రిల్ పగలు పదకొండింటికి, ఫైర్ వాళ్లొచ్చి ఫొటోలు దిగేది కాకుండా, రాత్రి రెండున్నరకి చేయండి. ఆ టైమ్‌లో అంతస్తులో ఎంతమంది స్టాఫ్ ఉన్నారు, వాళ్లలో ఎందరికి ఎక్స్‌టింగ్విషర్ పిన్ తీయడం వచ్చు, వెనక మెట్లకి ఎవరైనా తాళం వేశారా, మంచం తలుపులోంచి పట్టిందా అన్నది అప్పుడే బయటపడుతుంది. బొమ్మని పడుకోబెట్టిన మంచాన్ని పక్క భాగంలోకి తోసి తలుపు మూయడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి, మూడు నెలల తర్వాత మళ్లీ చేయండి.

ఏడాది పనులు మన వాతావరణం ప్రకారం పెట్టుకోండి: ఫిబ్రవరిలో ఏసీ కాయిళ్లు కడిగించి వైర్ల బిగువు చూడటం, మేలో ఎర్తింగ్, జూన్‌కి ముందే డాబా కాలువలు, సంపు పంపులు, సెప్టెంబర్ చివర్లో తుఫాన్ల ముందు డీజిల్ నిల్వ, జనరేటర్ బ్యాటరీలు, ఆక్సిజన్ వెనక వరుస సిలిండర్లు.